అరకు గదికి అన్ని ధరలెందుకు?

వలిసె పూలు పసుపుపచ్చగా విచ్చుకున్నాయంటే అరకు లోయకు జనం కదులుతారు. విశాఖపట్నంలో అక్క, హైదరాబాద్‌లో తమ్ముడు. రెండు కుటుంబాలూ కలిసి డిసెంబరులో వెళ్దామనుకున్నారు. రైలు టిక్కెట్లు దొరికాయి. ఇక గదులు చూసుకోవాలి. ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఇద్దరూ ఒకే యాప్‌లో ఒకే లాడ్జి, ఒకే తేదీ తెరిచారు. “నాకు 3,000 చూపిస్తోందిరా” అంది అక్క. “నాకు 2,850 ఉందే!” అన్నాడు తమ్ముడు. బావగారితో మాట్లాడి చెబుతానని అక్క వారం ఆగింది. మళ్లీ తెరిచేసరికి 3,900 అయింది. కింద ఎర్ర అక్షరాల్లో “ఇక ఒక్క గదే మిగిలింది” అన్న హెచ్చరిక. తమ్ముడు లాడ్జి నంబరు వెతికి ఫోన్ చేశాడు. “3,500 ఇవ్వండి సార్, టిఫిన్ కూడా మేమే పెడతాం” అన్నారు అవతల.

ఈ మనుషులూ అంకెలూ ఉదాహరణకు చెప్పుకున్నవే. కానీ ఫోన్‌లో హోటల్ వెతికిన ప్రతి ఇంటికీ ఈ అయోమయం తెలుసు. గది అదే, మంచం అదే, కిటికీలోంచి కనిపించే కొండ అదే. ధర మాత్రం మనిషికొకటి, వారానికొకటి. దీన్ని మోసమని కొట్టిపారేయడం తేలిక. లోపల జరుగుతున్నది తెలుసుకుంటే మాత్రం ఏది న్యాయమైన లెక్కో, ఏది ఒత్తిడో విడదీసి చూడవచ్చు.

సాయంత్రం టమాటా, రాత్రి గది

రైతుబజారులో పొద్దున్న టమాటాకున్న ధర సాయంత్రం ఉండదు. కొట్టు కట్టేసే వేళకు మిగిలిన సరుకు ఎంతకో అంతకు పోతుంది. ఉంచితే కుళ్లిపోతుందని అమ్మేవారికి తెలుసు. హోటల్ గది టమాటా కన్నా త్వరగా పాడయ్యే సరుకు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని దాచిపెట్టి రేపు రెండు గదులుగా అమ్మలేరు. తెల్లారితే ఆ రాత్రి ఆదాయం పోయినట్టే.

ఇంకో సంగతి కూడా ఉంది. లాడ్జి నడిపే ఖర్చులో పెద్ద భాగం, అంటే జీతాలు, బ్యాంకు వాయిదా, మరమ్మతులు, మనిషి వచ్చినా రాకపోయినా తప్పవు. ఖాళీ గదిలో ఒకరు దిగితే అదనంగా అయ్యే ఖర్చు దుప్పట్ల ఉతుకు, వేడినీళ్లు, కరెంటు, టిఫిన్. అందుకే ఖాళీగా ఉంచడం కన్నా తక్కువకైనా ఇవ్వడం మేలు.

అలాగని రెండు నెలల ముందే అన్ని గదులనూ చవకగా ఇచ్చేస్తే? సంక్రాంతి సెలవులకు చివరి నిమిషంలో వచ్చి ఎంతైనా ఇస్తామనే కుటుంబాన్ని వెనక్కి పంపాల్సి వస్తుంది. ఇప్పుడు అమ్మాలా, ఆగాలా? ఈ ప్రశ్నకు లెక్క కట్టి జవాబు చెప్పినవారు విమానాలవాళ్లు.

బ్రిటన్ విమాన సంస్థ బీఓఏసీలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ 1972లో ఒక చిన్న సూత్రం చెప్పాడు. దాన్ని అరకు లాడ్జికి అన్వయిద్దాం. ఇప్పుడు ఒకరు 1,800కు గది అడుగుతున్నారు. ఆగితే 3,500 ఇచ్చే మనిషి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చే అవకాశం సగానికి సగం అనుకుంటే, ఆగడం విలువ 3,500లో సగం, అంటే 1,750. చేతిలో ఉన్న 1,800 దానికన్నా ఎక్కువ కాబట్టి ఇచ్చేయాలి. వచ్చే అవకాశం ముప్పావు వంతు అయితే ఆగడం విలువ 2,625కు చేరుతుంది. అప్పుడు ఆగాలి. అంతే సూత్రం. కష్టమంతా ఆ ‘అవకాశం’ ఎంతో అంచనా వేయడంలోనే ఉంది.

అమెరికాలో 1978లో విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త సంస్థ అతి చవక టిక్కెట్లతో పాత సంస్థలను వణికించింది. 1985 జనవరిలో రాబర్ట్ క్రాండల్ నాయకత్వంలోని అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎదురుదెబ్బ కొట్టింది. అన్ని సీట్లనూ చవక చేయలేదు. ముందుగా కొనేవారికి, రద్దు చేసుకోనివారికి కొన్ని సీట్లు చవకగా వదిలి, మిగిలినవి చివర్లో వచ్చే వ్యాపారుల కోసం దాచింది. ఏ విమానంలో ఎన్ని వదలాలో, ఎన్ని దాచాలో కంప్యూటర్ చెప్పింది. 1987 కల్లా పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే పేరే లేకుండా పోయింది. ఆ పద్ధతిని మారియట్ హోటళ్లు అందుకున్నాయి. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

అక్క ఆగిన వారంలో జరిగింది ఇదే. ఆ తేదీకి బుకింగులు మామూలు కన్నా వేగంగా వచ్చాయి. ఎక్కువ ఇచ్చేవారు వచ్చే అవకాశం పెరిగిందని లెక్క తేలింది. ధర పైకి జరిగింది.

తమ్ముడి 150 రూపాయల తేడాకు కారణం ఇంకా మామూలుది. అతను యాప్‌లో సభ్యుడిగా లాగిన్ అయి ఉన్నాడు. సభ్యులకు 5 శాతం తగ్గింపు ఉంది. అక్క లాగిన్ కాలేదు. మొబైల్‌లో మాత్రమే ఇచ్చే ధర, కూపన్లు, ఒకచోట పన్ను కలిపి ఇంకోచోట కలపకుండా చూపడం, ఇలాంటివి కూడా తేడాలు తెస్తాయి.

బాక్స్: తిరుమలలో అద్దె మారదు, మరి రద్దీ?

తిరుమల కొండ మీద దేవస్థానం గదులకు అద్దె ముందే నిర్ణయమై ఉంటుంది. బ్రహ్మోత్సవాలని పెరగదు, వానాకాలమని తగ్గదు. భక్తుడి జేబు చూసి గది ఇవ్వకూడదన్నది అక్కడి ఉద్దేశం. అది సరైనదే. కానీ గదుల కన్నా మనుషులు ఎక్కువైనప్పుడు ఆ కొరత ఏదో ఒక రూపంలో బయటపడక తప్పదు. అద్దె పెరగనిచోట అది కాలంగా బయటపడుతుంది. ఆన్‌లైన్ కోటా విడుదలయ్యే గడియకు ఫోన్ పట్టుకుని కూర్చోవడం, కొండ మీద గదులు కేటాయించే సీఆర్‌ఓ కార్యాలయం దగ్గర పేరు నమోదు చేసుకుని వేచి ఉండడం ఆ రూపాలే. అరకులో డబ్బు చేసే వడపోతను తిరుమలలో వరుస చేస్తుంది.

స్టేషన్ బయటి ఆటో, ఫోన్‌లోని యాప్

కొత్త ఊళ్లో రైలు దిగి “మంచి లాడ్జి ఏదైనా ఉందా అన్నా?” అని ఆటో ఎక్కిన రోజులు చాలామందికి గుర్తే. ఆటో ఒక లాడ్జి ముందు ఆగేది. లాడ్జివాళ్లు డ్రైవరు చేతిలో కొంత పెట్టేవారు. ఆ మొత్తం గది అద్దెలో ఎక్కడో కలిసే ఉండేది. ఆటో ఏ లాడ్జి ముందు ఆగుతుందన్నది లాడ్జి బాగోగుల మీదే కాదు, ముట్టే కమీషన్ మీద కూడా ఆధారపడేది.

ఇప్పుడు ఆ ఆటో ఫోన్‌లోకి వచ్చింది. 1996లో నెదర్లాండ్స్‌లో గీర్ట్-యాన్ బ్రైన్స్మా మొదలుపెట్టిన చిన్న వెబ్‌సైటే తర్వాత బుకింగ్ డాట్ కామ్ అయింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ సంస్థలోంచి ఎక్స్‌పీడియా వచ్చింది. మన దేశంలో దీప్ కాల్రా 2000లో మేక్‌మైట్రిప్ పెట్టారు. హోటలువాళ్లు వీటన్నిటినీ కలిపి ఓటీఏలు (ఆన్‌లైన్ ట్రావెల్ ఏజెన్సీలు) అంటారు. బుకింగ్ జరిగితే ధరలో సాధారణంగా 15 నుంచి 25 శాతం దాకా కమీషన్ వీటికి పోతుంది.

యాప్ తెరిస్తే వరుసగా వచ్చే హోటళ్ల పట్టిక ఊళ్లోని హోటళ్ల జాబితాలా కనిపిస్తుంది. నిజానికి అది దుకాణం ముందరి అద్దాల అల్మరా. ఏ చీర ముందు వేలాడదీస్తే గిరాకీ వస్తుందో, ఏ చీర మీద లాభం ఎక్కువో చూసుకుని సర్దినట్టే ఇక్కడా సర్దుతారు. ఈ హోటల్‌ను చూపిస్తే వేలు పెట్టి తెరిచేవారెందరు, తెరిచినవారిలో బుక్ చేసేవారెందరు, చేస్తే వచ్చే కమీషన్ ఎంత? ఫొటోలు, ధర, రేటింగ్, రద్దు చేసుకునే వెసులుబాటు, పాత బుకింగులు అన్నీ ఈ అంచనాలోకి వస్తాయి.

వరుసలో పైన ఉండడం నిజంగా అంత ముఖ్యమా? దీన్ని తేల్చడానికి మంచి ప్రయోగమే దొరికింది. ఎక్స్‌పీడియా కొంతమంది వినియోగదారులకు హోటళ్లను ఏ లెక్కా లేకుండా, చీట్లు కలిపినట్టు కలిపి చూపించింది. ఆ సమాచారాన్ని విశ్లేషించి రలూకా ఉర్సు 2018లో ‘మార్కెటింగ్ సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. పైనున్న హోటల్‌ను ఎక్కువమంది తెరిచి చూస్తారు. తెరిచాక మాత్రం కొనాలా వద్దా అన్న నిర్ణయం మీద వరుస ప్రభావం కనబడలేదు. అంటే పైవరుస అమ్మిపెట్టదు, కంటికి ఆనేలా చేస్తుంది అంతే. కానీ కంటికే ఆనని లాడ్జి సంగతేమిటి? ముప్పైయవ వరుసలో ఉన్న మంచి లాడ్జిని తెరిచి చూసేవారే ఉండరు.

వరుస వెనక డబ్బు దాగితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో బయటపడింది. ట్రివాగో అనే ధరల పోలిక సైటు, చవక ధర చూపిస్తామని ప్రచారం చేసింది. అక్కడి ఫెడరల్ కోర్టు 2020లో తేల్చిందేమంటే, పైన నిలబెట్టే ధరను ఎంచడంలో ఆ సైటుకు ఎవరు ఎక్కువ చెల్లిస్తున్నారన్నదానికి పెద్ద బరువు ఉంది. 66.8 శాతం సందర్భాల్లో అంతకన్నా తక్కువ ధర ఉన్నా, ఎక్కువ ధరే ముఖ్యస్థానంలో కనిపించింది. 2022లో ఆ సంస్థకు 4.47 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది.

పేరు తెలిసినవారికీ సుంకం

యాప్ దాకా మనిషి ఎలా వస్తాడు? చాలాసార్లు గూగుల్ ద్వారా. “అరకులో లాడ్జి” అని టైపు చేసి వేలు తీసేలోపు ఒక వేలంపాట జరిగిపోతుంది. ఆ మాటలకు ప్రకటన చూపడానికి ఎవరెంత ఇస్తారన్నది పాట. ఎక్కువ పాడినవారే గెలవాలని లేదు. ఎంత పాడారు, ఆ ప్రకటన వెతికినవారికి ఎంత పనికొస్తుంది అన్న రెండింటినీ కలిపి చూస్తారు. గెలిచినవారు తాము పాడినదంతా కట్టనక్కర్లేదు. తమ కిందివారిని దాటడానికి ఎంత అవసరమో సుమారుగా అంత కడితే చాలన్నది ఈ పద్ధతికి పునాది. డబ్బు కూడా ఎవరైనా ప్రకటన నొక్కితేనే.

బుకింగ్ డాట్ కామ్ మాతృసంస్థ 2023లో సుమారు 2,140 కోట్ల డాలర్లు ఆర్జించి, అందులో 680 కోట్ల డాలర్ల దాకా మార్కెటింగ్‌కు ఖర్చు పెట్టింది. వచ్చిన ప్రతి 100లో 32 దాకా మనుషుల్ని వెతికి తేవడానికే పోయిందన్నమాట. పన్నెండు గదుల లాడ్జి యజమాని ఆ పాటలో గొంతు కలపగలడా?

ఇక్కడే హోటలువాళ్ల గుండె మండే సంగతి ఉంది. అరకు లాడ్జిలో నిరుడు దిగిన కుటుంబం ఈ ఏడు ఆ లాడ్జి పేరే టైపు చేసి వెతుకుతుంది. ఆ పేరు మీద కూడా యాప్ పాట పాడి ఉంటే, మొదట కనిపించేది యాప్ ప్రకటనే. కుటుంబం దాన్ని నొక్కి బుక్ చేస్తుంది. తన సొంత అతిథికి, తన పేరు గుర్తుపెట్టుకుని వచ్చిన అతిథికి లాడ్జి కమీషన్ కడుతుంది. చిన్న హోటళ్లకు జరిగే అన్యాయాల్లో ఇది ముందు చెప్పుకోవలసినది.

బాక్స్: వెంటపడే ప్రకటన, చెప్పుల స్టాండు టోకెన్

ఒకసారి అరకు గదులు చూస్తే చాలు, వార్తలు చదువుతున్నా, వంటల వీడియో చూస్తున్నా అదే లాడ్జి ప్రకటన ఎదురవుతుంది. దీని వెనక ఉన్నది కుకీ. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటల్లీ దీన్ని తయారుచేశాడు. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. అక్కడివారికి మనిషి పేరు తెలియదు. టోకెన్ నంబరు చూసి ఏ అరలో ఏ చెప్పులున్నాయో గుర్తుపడతారు. వందల గుళ్ల ముందు స్టాండ్లన్నీ ఒకే కంపెనీవి అనుకోండి. ఒకే టోకెన్‌తో ఈ మనిషి ఏయే గుళ్లకు వెళ్లాడో ఆ కంపెనీకి తెలిసిపోతుంది. ప్రకటనల కంపెనీలు చేసింది అదే.

చూసేవారిని బట్టి వరుస మారిన ఉదాహరణ 2012లో వార్తలకెక్కింది. ఆపిల్ మ్యాక్ వాడేవారు హోటళ్ల మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నారని గమనించిన ఆర్బిట్జ్ అనే బుకింగ్ సైటు, వారికి ఖరీదైన హోటళ్లను ముందు చూపించడం మొదలుపెట్టింది. ఒకే గదికి వేర్వేరు ధరలు మాత్రం చూపలేదని ఆ సంస్థ చెప్పింది.

ఎర్ర అక్షరాల సంగతి

“ఇక ఒక్క గదే మిగిలింది.” ఎక్కడ మిగిలింది? చాలాసార్లు ఆ యాప్‌లో, ఆ రకం గది, ఆ ధరకు అని దాని అర్థం. లాడ్జిలో ఇంకో నాలుగు ఉండవచ్చు. లాడ్జి తన గదుల్ని అయిదారు యాప్‌లలో పెడుతుంది. ఒకే గదిని ఇద్దరికి ఇచ్చేసే తిప్పలు రాకుండా చానల్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. ఒకే ట్యాంకుకు బిగించిన అయిదు కుళాయిలు అనుకోవచ్చు. ఒక కుళాయిలో నీళ్లు పడితే మిగతా కుళాయిలకూ ఆ మేరకు తగ్గుతుంది. ఒక కుళాయిని సన్నగా తిప్పి ఉంచడం కూడా యజమాని చేతిలోనే ఉంటుంది.

ఆ ఎర్ర వాక్యం పనిచేయడానికి కారణం మన మనసు. 100 రూపాయలు దొరికిన సంతోషం కన్నా 100 పోయిన బాధ బరువైనదని డానియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో సిద్ధాంతీకరించారు. గది ‘దొరకడం’ కన్నా ‘చేజారడం’ మనల్ని ఎక్కువ కదిలిస్తుంది. ఏ వాక్యం, ఏ రంగు ఎంత కదిలిస్తుందో కంపెనీలు ఊహించి ఊరుకోవు, కొలుస్తాయి. సగం మందికి ఎరుపు, సగం మందికి ఆకుపచ్చ చూపించి ఎటు బుకింగులు పెరిగితే అది ఉంచుతాయి. బుకింగ్ డాట్ కామ్ ఇలాంటి ప్రయోగాలు ఒకేసారి వెయ్యికి పైగా నడుపుతుందని పేరు.

హెచ్చరిక నిజమైతే అది సమాచారం. అబద్ధమైతే బలవంతం. బ్రిటన్‌లోని పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థ ఈ తీరు మీద విచారణ చేశాక, 2019లో ఆరు పెద్ద సైట్లు పద్ధతి మార్చుకుంటామని ఒప్పుకున్నాయి. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మాయపద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పుట్టించడం, అడగనిదాన్ని బిల్లులో కలపడం, మొదట తక్కువ చూపి చివర్లో ఒక్కో చార్జీ పేర్చడం అందులో ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు. తెలియాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

నక్షత్రాల విలువ

రివ్యూలకు డబ్బు విలువ ఎంత? కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్రిస్ ఆండర్సన్ 2012లో లెక్కగట్టాడు. అయిదుకు లెక్కించే రేటింగ్‌లో ఒక పాయింటు పెరిగితే, ధర 11.2 శాతం పెంచినా గదులు మునుపటిలాగే నిండుతాయని తేలింది. అంత విలువ ఉన్నచోట దొంగ రివ్యూలు రాకుండా ఉంటాయా? మేజ్‌లిన్, డోవర్, షెవాలియే అనే ముగ్గురు పరిశోధకులు 2014లో ఎక్స్‌పీడియా రివ్యూలనూ ట్రిప్‌అడ్వైజర్ రివ్యూలనూ పక్కపక్కన పెట్టారు. మొదటిదాంట్లో గది బుక్ చేసినవారే రాయగలరు. రెండోదాంట్లో ఎవరైనా రాయవచ్చు. పక్కనే పోటీ హోటల్ ఉన్నచోట, ఎవరైనా రాయగల సైటులో తిట్లు ఎక్కువగా కనిపించాయి. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. దాన్ని స్వచ్ఛందంగా పాటించే ప్రమాణంగానే తెచ్చారు. బస చేసినవారే రాసినవని తెలిసే రివ్యూలను, అందులోనూ ఇటీవలివాటిని నమ్మడం మేలు.

ఫొటోల మాటకొస్తే, 2009లో న్యూయార్క్‌లో, ఇళ్లను అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సైటు బుకింగులు నీరసంగా ఉన్నప్పుడు, స్థాపకులే కెమెరా అద్దెకు తెచ్చి ఇళ్లకు వెళ్లి ఫొటోలు తీశారు. బుకింగులు చకచకా పెరిగాయి. పగటి వెలుతురులో తీసిన శుభ్రమైన స్నానాల గది ఫొటో ఒకటి పెట్టని లాడ్జీలు మన దగ్గర ఇప్పటికీ ఎన్నో!

ఫోన్‌లో తక్కువెందుకు చెప్పారు?

3,900లో 20 శాతం కమీషన్ పోతే లాడ్జికి మిగిలేది 3,120. ఫోన్‌లో 3,500కు ఇస్తే తమ్ముడికి 400 ఆదా, టిఫిన్ ఖర్చు పక్కన పెడితే లాడ్జికి 380 లాభం. ఇంత తేలికైన లెక్కను లాడ్జి తన బోర్డు మీద, వెబ్‌సైటులో ఎందుకు రాయదు? యాప్‌లతో లాడ్జీలు చేసుకునే చాలా ఒప్పందాల్లో ఒక షరతు ఉండేది: మా దగ్గర పెట్టిన ధర కన్నా తక్కువ ఇంకెక్కడా చూపకూడదు. దాన్ని ధరల సమానత్వ షరతు అంటారు. వినడానికి వినియోగదారుడికి మేలులా ఉంటుంది. ఫలితం తిరగబడుతుంది. కమీషన్ తక్కువ తీసుకునే కొత్త యాప్ వచ్చినా, లాడ్జి అక్కడ ధర తగ్గించలేదు కాబట్టి పోటీ పుట్టదు. ఫ్రాన్స్ 2015లో చట్టం చేసి ఈ షరతును తొలగించింది. 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్, ఇలాంటి షరతులకూ పోటీ సంస్థలను పక్కకు నెట్టినందుకూ మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్ల రూపాయలు, ఓయోకు 168.88 కోట్ల రూపాయలు జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి.

యాప్‌ల వల్ల లాడ్జికి మేలు లేదనడం తప్పు. కోల్‌కతాలోని కుటుంబానికి అరకులోని పన్నెండు గదుల లాడ్జి ఉందని తెలిసే దారి మునుపు ఏది? ఆండర్సన్‌దే మరో అధ్యయనం 2009లో వచ్చింది. ఎక్స్‌పీడియాలో కనిపించినప్పుడు హోటళ్లకు నేరుగా వచ్చే బుకింగులు కూడా 7.5 నుంచి 26 శాతం దాకా పెరిగాయి. యాప్ రోడ్డు పక్క హోర్డింగులా కూడా పనిచేస్తుందన్నమాట. ఆ హోర్డింగు చూసి వచ్చినవారిని నేరుగా అందుకునే ఏర్పాటు లాడ్జికి ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌లో సరైన ఫోన్ నంబరు, కొత్త ఫొటోలు పెట్టడానికి, రివ్యూలకు జవాబు రాయడానికి పైసా ఖర్చు లేదు. 2021 మార్చి నుంచి గూగుల్ హోటల్ ఫలితాల్లో బుకింగ్ లింకులు ఉచితంగా పెట్టుకునే వీలూ ఉంది. అరకు, మారేడుమిల్లి, దిండి, అనంతగిరి లాంటిచోట్ల చిన్న హోటళ్లు నడిపేవారు ఈ పని ఈ వారమే చేసుకోవచ్చు.

ఇక ప్రయాణానికి సిద్ధమవుతున్నవారికి ఒక మాట. యాప్‌లో వెతకండి, రివ్యూలు చదవండి, ధర చూసుకోండి. ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడకుండా లాడ్జి నంబరుకు ఒక్క ఫోన్ చేయండి. పన్ను కలిపి ఎంత, టిఫిన్ ఉందా, రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారు అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబును వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపమనండి. రద్దు షరతులు యాప్‌లోనే మెరుగ్గా ఉంటే యాప్‌లోనే బుక్ చేయండి. లేదంటే నేరుగా లాడ్జికే డబ్బు పంపండి.